పిల్లల అబ్జర్వేషన్ల ఏం రాయాలె? "మంచిగ ఆడుకున్నది" తప్ప ఇంకోటి వస్తలేదు

వర్ధన్నపేట టీచర్:
అందరికీ నమస్తే. నేను అంగన్‌వాడీ టీచర్‌ని, వర్ధన్నపేట దిక్కు. రిజిస్టర్ల 18 మంది పిల్లలున్నరు, రోజు వచ్చేటోళ్ళు పన్నెండు పదమూడు మంది, మూడేండ్లోళ్ళ నుంచి ఐదున్నరేండ్లోళ్ళ దాక అందరు ఒక్కటే రూముల. ఇప్పటిదాక ప్రగతి కార్డు మీద టిక్కులు పెట్టుడే మా పని. రంగులు గుర్తుపడ్తడా, టిక్. పది దాక లెక్కపెడ్తదా, టిక్. మొన్న సెక్టార్ మీటింగ్‌ల సూపర్‌వైజర్ మేడం ఏమన్నదంటే టిక్కులు ఒక్కటే సరిపోవు, పిల్లలు ఆడుకునేటప్పుడు చూసి ఒక్కొక్కళ్ళ గురించి నోట్ రాయాలె, వాళ్ళ బొమ్మలు గిట్ల ఫైల్ చేసి పెట్టాలె అని.

సరే అని నోట్‌బుక్ కొనుక్కొచ్చిన. రాస్తే అందరికి ఒక్కటే తీరు వస్తున్నది. "చురుకుగ ఉన్నది. మంచిగ ఆడుకున్నది. అందరితోటి కలుస్తది." పేర్లు మార్చి ఎవలకు పెట్టినా నడుస్తది అది. ఇంకోటి, ఎప్పుడు రాయాలె? పొద్దుగాల పిల్లలను పిలుచుకొచ్చుడు, గుడ్లు, గర్భిణీల భోజనం, బరువులు చూసుడు, ఫోన్ల పోషణ్ ట్రాకర్ యాప్, అది ఒకదినం నడుస్తది ఒకదినం గిర్ర గిర్ర తిరుగుతనే ఉంటది. దీని నడుమ పిల్లలను చూస్కుంట రాసుడంటే నాకైతే సమజైతలేదు. ఎవరన్న నిజంగ రాస్తున్నోళ్ళుంటే జర చెప్పున్రి, ఎట్ల రాస్తున్రు, ఒక్కటన్న నమూనా పెట్టున్రి.

నర్సంపేట అక్క:
చెల్లె, నేను రాస్తున్న, చెప్తా విను. ముందుగాల ఆ నోట్‌బుక్ పక్కన పెట్టు. నోట్‌బుక్ అంటే కూసొని రాయాలె, కూసుంటే పిల్లలు కనపడరు. నేనైతే పాత క్యాలెండర్ వెనకదిక్కు కాయితాలు చిన్న చిన్న ముక్కలు కోసి జాకెట్ల పిన్ను పెట్టుకుంట, ఒక పెన్ను మెడకు దారం కట్టి ఏలాడేస్త. మా ఆయా నవ్వుతది, కండక్టరమ్మ వచ్చింది అంటది. నవ్వని.

అందరిని చూడకు. పొద్దుగాల ఇద్దరి పేర్లు అనుకో, ఇయ్యాల వీళ్ళిద్దరిని చూస్త అని. మిగిలినోళ్ళు ఏమన్న కొత్తగ చేస్తే అది సుత రాస్కో, లేకపోతే ఒదిలెయ్. ముక్క మీద తారీఖు, పేరు, ఎక్కడ, ఏం చేసింది, ఏమన్నది. అన్న మాట ఉన్నదున్నట్టు రాయాలె, నువ్వు దాన్ని పుస్తకం భాషల్కి మార్చకు. పొద్దుమీకి పిల్లలు పోయినంక ఒక పది నిమిషాలు, ముక్కల మీద ఉన్నది ఒక్కొక్కళ్ళ పేజీల్కి ఎక్కియ్యి.

నమూనా అడిగినవ్ గదా. జాతర అయినంక మా సెంటర్ల పిల్లలంత ఒకటే మేడారం ఆట, అక్కడ మొక్కున్నోళ్ళు తమ బరువంత బెల్లం అమ్మకు ఇస్తరు గదా, దాన్నే బంగారం అంటరు. నేను రాసిన ముక్క ఇట్లుంటది:

"నాలుగున్నరేండ్ల పాప. ఇంకో పిల్లను పీట మీద కూసోబెట్టింది. పక్కన చెక్క బ్లాకులు పేర్చుడు మొదలుపెట్టింది. 'ఇది బంగారం, నీ అంత బంగారం పెట్టాలె' అన్నది. బ్లాకులు ఆ పిల్ల మోకాళ్ళ దాక వచ్చినయ్. నిలబడి చూసింది. 'ఇంక తక్కువున్నది, నువ్వు మస్తు బరువున్నవ్' అన్నది. ఇంకో నాలుగు పెట్టింది. పడిపోయినయ్. ఈసారి పెద్దయి కింద పెట్టి చిన్నయి మీద పెట్టింది. పిల్ల తల దాక వచ్చినంక 'సరిపోయింది, అమ్మకు మొక్కు' అన్నది."

గంతే. ఇందుల నేను "తెలివిగల పిల్ల" అని రాయలే. కానీ చదివినోళ్ళకు తెలుస్తది, ఆ పిల్లకు సమానం అంటే ఏందో కొంత తెల్సు, ఎత్తును బరువును ఒక్కటే అనుకుంటున్నది ఇంకా, కూలిపోతే మళ్ళ ఇంకో తీరు పెట్టి చూస్తది. తెల్లారి నేను తక్కెడ పెట్టిన సెంటర్ల, కొబ్బరి చిప్పలు రెండు, కట్టె, దారం. ఒక దిక్కు దూది పెట్టి ఇంకో దిక్కు రాయి పెట్టిచ్చిన. దూది కుప్ప ఇంత పెద్దగుంటే సుత రాయి దిక్కే ఒంగుతున్నది ఏందని మస్తు సేపు పంచాయితీ అయింది పిల్లల నడుమ.

పరకాల టీచర్:
అక్కా మీరు మంచిగ చెప్పిన్రు గని నేను కుండ బద్దలు కొట్టినట్టు చెప్తా, ఏమనుకోకున్రి. ఎవలు చదువుతరు ఇవన్ని? మాకు ఇప్పటికే రిజిస్టర్లు మస్తున్నయ్, ఫోన్ల ఎక్కిచ్చుడు వేరే. సూపర్‌వైజర్ వచ్చి నోట్‌బుక్ ఉన్నదా లేదా చూస్తది, సంతకం పెడ్తది, పోతది. టిక్కులైతే ఒక్క పూటల అయిపోతయ్, అందరికి సమజైతయ్. కథలు రాస్కుంట కూసుంటే పిల్లలకు పాట ఎవలు చెప్పాలె? తల్లిదండ్రులు సుత గీ మేడారం ఆట గురించి అడుగుతరా, ఏబీసీడీ రాస్తున్నడా లేడా అనే గదా అడుగుతరు. ప్రైవేట్ ఎల్‌కేజీల పిల్లగాడు నాలుగు పేజీలు హోంవర్క్ రాస్తున్నడు, మా దగ్గర ఆడుకుంటున్నడు అంటరు.

రిటైర్డ్ డైట్ సార్:
నేను డైట్‌ల, అంటే టీచర్లకు ట్రైనింగ్ ఇచ్చే జిల్లా కాలేజీల, పనిచేసినోన్ని. పరకాల టీచరమ్మ అన్నదాంట్ల సగం నేను ఒప్పుకుంట. ఎవరూ చదవని రాత దండుగ, అది టిక్కయినా సరే కథయినా సరే. రోజూ అందరి గురించి రాయాలె అని ఎవరన్నా అంటే అది జరిగే పని కాదు, జరగని పని చెప్తే చివరికి ఏమైతది, నెలాఖరుకు ఒక్క రాత్రి కూసొని అన్నీ ఊహించి రాస్తరు. ఎనుమాముల మార్కెట్ల మిర్చి బస్తాల నుంచి పిడికెడు తీసి చూసి ధర కడ్తరు, బస్తా మొత్తం కింద కుమ్మరియ్యరు గదా, ఇదీ అంతే, ఒక్కో పిల్లకు నెలకు రెండు మూడు మంచి ముక్కలున్నా చాలా తెలుస్తది.

కానీ టిక్కు సరిపోతది అన్న మాట మాత్రం ఒప్పుకోను. "పది దాక లెక్కపెడ్తది" అన్న మీ టిక్కే తీసుకుందాం. చింతగింజలు ఏడు ముందట పెట్టి లెక్కపెట్టమనున్రి. ఒక పిల్ల గింజలు ముట్టుకోకుంటనే ఒకటి రెండు మూడు అని పాట లెక్క పది దాక పోతది. ఇంకో పిల్ల ముట్టుకుంటది గని ఒక్కో గింజను రెండుసార్లు ముడ్తది, ఒకటి ఒదిలేస్తది. మూడో పిల్ల కరెక్టుగ ఒక్కో గింజకు ఒక్కో అంకె చెప్పి ఏడు దగ్గర ఆగుతది, సరే ఎన్నున్నయ్ బిడ్డా అంటే మళ్ళ మొదటి నుంచి లెక్కపెడ్తది, అంటే ఆఖరికి చెప్పిన అంకెనే మొత్తం అని ఇంకా పట్టుబడలేదు. నాలుగో పిల్ల ఏడు అంటది, మీరు గింజలను దూరం దూరం జరిపి ఇప్పుడెన్ని అంటే మిమ్మల్ని వింతగ చూసి ఏడే గదా అంటది. మీ కార్డు మీద నలుగురికీ అదే టిక్కు. రేపు చెయ్యాల్సిన పని మాత్రం నలుగురికీ వేరు, మొదటి పిల్లకు గింజలు ఒక గిన్నెల నుంచి ఇంకో గిన్నెల్కి వేసుకుంట లెక్కపెట్టే ఆట కావాలె, మూడో పిల్లకు "నాకు ఐదు తెచ్చియ్యి" అనే ఆట కావాలె. లెక్కపెట్టుడు వెనక ఇన్ని మెట్లున్నయని గెల్మాన్, గాలిస్టెల్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 1978లనే రాసిన్రు. ఆ గింజలు జరిపి అడిగే ప్రశ్న వాళ్ళ కంటే ముందు స్విట్జర్లాండ్ మనస్తత్వ శాస్త్రవేత్త పియాజేది, ఆయన తన సొంత పిల్లలు ముగ్గురినీ పసితనం నుంచి చూసుకుంట రాసుకున్న నోట్సుల నుంచే సగం సిద్ధాంతం పుట్టింది.

ఇంకోటి, ఇది సూపర్‌వైజర్ మేడం సొంతంగ పెట్టింది కాదు. 2020 జాతీయ విద్యా విధానం 3 నుంచి 8 ఏండ్ల దాక ఒకటే దశ అన్నది, దాని మీద 2022 అక్టోబర్‌ల వచ్చిన పునాది దశ పాఠ్య ప్రణాళిక చట్రం ఈ వయసు పిల్లలకు పరీక్షలు పనికిరావని సాఫ్‌గ చెప్పింది, పిల్లలను చూసి, వాళ్ళు చేసినయి చూసి అంచనా వెయ్యాలన్నది. చెక్‌లిస్టు సుత ఒద్దనలేదు. టిక్కు ఎక్కడ పనికొస్తదంటే, ఎవరిని ఏ విషయంల మనం అసలు చూడనే లేదో ఒక్క చూపుల తెలుస్తది.

వర్ధన్నపేట టీచర్:
సార్ నలుగురు పిల్లల ముచ్చట చదివినంక ఇయ్యాలనే చింతగింజలు పెట్టి చూసిన, మా సెంటర్ల ఆ నలుగురు సుత దొరికిన్రు! ఐదేండ్ల పిల్లలిద్దరు మూడో రకం. టిక్కు ఎప్పుడో పెట్టేసి ఉన్నది.

అక్క చెప్పినట్టు ముక్క మీద ఒకటి రాసిన, చూసి చెప్పున్రి. "నాలుగేండ్ల బాబు. చేతులు కడుక్కునే కాడ నీళ్ళతోటి అల్లరి చేసిండు. రెండు తాపలు చెప్పినా వినలే. అంగి అంత తడుపుకున్నడు."

నర్సంపేట అక్క:
చెల్లె ఇందుల నీ కోపం కనపడుతున్నది, పిల్లగాడు కనపడ్తలేడు 😄 అల్లరి అనుకో, సరే, మరి చేతుల ఏం పట్టుకున్నడు? నీళ్ళు ఎందుల నుంచి ఎందుల్కి పోసిండు? యాదికున్నదా?

వర్ధన్నపేట టీచర్:
యాదికున్నది అక్కా. నీళ్ళ సీసా ఒకటి, స్టీల్ గ్లాసు ఒకటి. గ్లాసుతోటి సీసల పోస్తే మూతి చిన్నగున్నది గదా అంత కింద పోయింది, అప్పుడే అంగి తడిసింది. తర్వాత గ్లాసు పడేసి సీసా మూత తీస్కొని దానితోటి కొన్ని కొన్ని పోసిండు. మస్తు సేపు పోసిండు, నేను రమ్మంటే "ఆగు టీచర్ ఇంక నిండలే" అన్నడు. నిండినంక పైకెల్లి పొర్లితే నవ్విండు, "ఇంక పట్టది" అన్నడు.

రిటైర్డ్ డైట్ సార్:
ఇప్పుడు రాసింది అట్లనే పేజీల్కి ఎక్కించమ్మా, ఒక్క మాట మార్చకు. పెద్ద గ్లాసు పనిచెయ్యలేదని వాడే కనిపెట్టిండు, పనిముట్టు మార్చిండు, నిండే దాక ఒదలలేదు, నాలుగేండ్ల పిల్లగాడికి అంతసేపు ఒక్క పని మీద ఉండుడే పెద్ద సంగతి. దాని కింద గీత కొట్టి నువ్వేమనుకుంటున్నవో వేరేగ రాయి, దాని కింద రేపేం పెడ్తవో రాయి. చూసింది, అనుకున్నది కలగాపులగం కావద్దు, ఎందుకంటే నువ్వనుకున్నది తప్పయితే చూసింది ఉంటది గదా, రెండు నెలల తర్వాత మళ్ళ చదివితే ఇంకో తీరు అర్థమైతది.

న్యూజిలాండ్‌ల మార్గరెట్ కార్ అనే ఆమె దీన్నే కథ లెక్క రాసే పద్ధతి తెచ్చింది, అక్కడ 1996ల వచ్చిన చిన్నపిల్లల పాఠ్య ప్రణాళిక 'తె ఫారికి'తో పాటు అది బాగా పాకింది. వాళ్ళు ఆ కథను పిల్లగానికే ఉద్దేశించి రాస్తరు, "నువ్వు ఇయ్యాల గ్లాసు పక్కన పెట్టి మూత పట్టుకున్నవ్" అని, తర్వాత వానికీ, ఇంట్లోళ్ళకూ చదివి వినిపిస్తరు. ఇటలీల రెజియో ఎమీలియా అనే ఊళ్ళ మాలగుజ్జీ అనే ఆయన నడిపిన బడులల్ల ఇవన్నీ ఫొటోలు, పిల్లల మాటలతోటి గోడకు పెడ్తరు. మనకు అంత అవసరం లేదు గని చదివి వినిపించుడు మాత్రం ఖర్చు లేని పని. పరకాల టీచరమ్మ అడిగింది గదా తల్లిదండ్రులు ఏబీసీడీ అడుగుతరు అని, ఈసీసీఈ డే, అంటే తల్లిదండ్రులను సెంటర్‌కు పిలిచే దినం నాడు తల్లులు వచ్చినప్పుడు ఈ నీళ్ళ సీసా ముచ్చట చదువున్రి, మొఖాలు ఎట్ల మారుతయో చూడున్రి.

మానుకోట తండా టీచర్:
మధ్యల వస్తున్న. మా సెంటర్ తండాల ఉన్నది. నాకు లంబాడీ అంత రాదు, మా ఆయాకు వస్తది. నేను రాస్తే ఒక పాప గురించి "మాట్లాడదు, సిగ్గు" అని వస్తది ఎప్పుడైనా. ఆయా ఏమంటదంటే మీరు రూముల ఉన్నప్పుడే మాట్లాడదు మేడం, గోలీలు ఆడేటప్పుడు ఏక్ దీ తీన్ అని గడగడ లెక్కపెడ్తది, ఇంటికాడ యాడికి (అమ్మకు) సెంటర్ల పాటలన్ని పాడి చూపిస్తదంట. అందుకని ఇప్పుడు ఆయాను సుత చూడమంట, ఆమె చెప్తే నేను రాస్త, లంబాడీ మాట ఎట్ల వినపడితే అట్ల తెలుగు అక్షరాలల్ల రాసి పక్కన అర్థం పెడ్త. భాష రాకపోవుడు నాది, పిల్లది గాదు గదా. ములుగు, ఏటూరునాగారం దిక్కు కోయ పిల్లలున్న సెంటర్లల్ల, వరంగల్‌ల ఉర్దూ మాట్లాడే పిల్లలున్న కాడ సుత ఇదే ఉంటది. కార్డు మీద "ప్రశ్నలకు జవాబు చెప్తడు" అని ఉంటది, ఏ భాషల అని ఉండదు.

నర్సంపేట అక్క:
ఇది మంచి మాట. మాట్లాడకుంట దూరం నిలబడి చూసే పిల్లలను సుత ఒదలొద్దు. చూస్కుంట నిలబడుడు సుత ఆటల ఒక రకమే. నాలుగు దినాలు చూసి చూసి ఐదోనాడు అదే ఆట ఒక్కతే మూలకు ఆడుకుంటది. మనం మొదటి నాలుగు దినాలు "కలవదు" అని రాస్తం.

కాజీపేట మమ్మీ:
నేను టీచర్‌ని కాదు, మా పాప యూకేజీ, ప్రైవేట్ స్కూల్. మీ ముచ్చట చదువుతుంటే కుళ్ళొస్తుంది నిజంగా 😅 మాకు వాట్సాప్ గ్రూపుల రోజు బోలెడు ఫొటోలు పెడ్తరు, అందరు పిల్లలు వరసగ నిలబడి చేతుల ఏదో పట్టుకొని నవ్వుతుంటరు, మా పాప ఆరోజు ఏం చేసిందో అందుల తెల్వదు. రిపోర్ట్ కార్డుల అన్నిటికి ఏ ప్లస్. నీళ్ళ సీసా బాబు గురించి నాలుగు లైన్లు చదివితే వాడు ఎట్లాంటోడో నాకే తెలిసిపోయింది, మా పాప గురించి అట్లాంటిది ఒక్కటి సుత లేదు.

ఇంకోటి అడుగుతా, మా పాప ఏడుస్తున్న ఫొటో ఒకటి గ్రూపుల పెట్టిన్రు ఆ స్కూల్‌ల, తర్వాత ఇంకో ఫొటో అడ్మిషన్ల ఫ్లెక్సీ మీద కనపడ్డది. మమ్మల్ని అడగలే. ఇట్ల పెట్టొచ్చా?

రిటైర్డ్ డైట్ సార్:
అడగకుంట పెట్టకూడదమ్మా. 2023ల వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం సుత 18 ఏండ్ల లోపు పిల్లల సమాచారానికి తల్లిదండ్రుల ఒప్పుకోలు ఉండాలనే అంటది. రాతపూర్వకంగ అడుగున్రి స్కూలును, ఒద్దని చెప్పున్రి. టీచర్లకు నా మాట, ఫొటో తీస్తే మొఖం కంటే చేతులు, చేసిన వస్తువు పడేటట్టు తియ్యున్రి, నేర్చుకునుడు ఎక్కువ అక్కడే కనపడతది. ఒక పిల్ల నోట్ ఆ పిల్ల ఇంట్లోళ్ళకే చూపించాలె, గ్రూపుల పెట్టుడు బంద్. పిల్లగానికి సుత చెప్పి తియ్యున్రి, ఒద్దు అంటే ఒద్దు.

స్పెషల్ ఎడ్యుకేటర్ హన్మకొండ:
ఒక్కటే చెప్పి పోతా. మీ ముక్కలు మాకు, డాక్టర్లకు మస్తు పనికొస్తయి. ఆర్‌బీఎస్‌కే టీం, అంటే పిల్లల ఆరోగ్యం చూసే సర్కారు డాక్టర్ల టీం, అంగన్‌వాడీలకు ఏడాదికి రెండుసార్లు రావాలె, వాళ్ళు ఉండేది కొంచెం సేపే, పిల్ల ఆరోజు ఏడిస్తే ఏం తెల్వదు. అప్పుడు మీరు "వీడు మంద బుద్ధి అనుకుంట" అంటే ఏం లాభం లేదు, "ఆటిజం" అని మీరే పేరు పెడ్తే ఇంకా నష్టం, ఇంట్లోళ్ళు భయపడి మళ్ళ సెంటర్‌కే పంపరు. "వెనకనుంచి పేరు పెట్టి పిలిస్తే తిరుగుతలేడు, ముందుకొచ్చి పిలిస్తే చూసిండు, మూడు వేరే వేరే దినాలల్ల ఇట్లనే" అని తారీఖులతోటి చూపియ్యున్రి, చెవి పరీక్షకు వెంటనే రాస్తరు. ముందు వచ్చిన మాటలు ఇప్పుడు పోయినయ్ అంటే మాత్రం టీం వచ్చేదాక ఆగొద్దు, తల్లికి చెప్పి పీహెచ్‌సీకి పంపున్రి.

పరకాల టీచర్:
సరే ఇంతమంది చెప్తున్నరు గదా, ఇద్దరు పిల్లలతోటి మొదలుపెట్టి చూస్త. నేను రాసినా ఎవలు చదవరు అన్న మాట మాత్రం మార్చుకోను, సూపర్‌వైజర్లకు ముందు ట్రైనింగ్ ఇయ్యున్రి, సంతకం పెట్టే ముందు ఒక్క పేజీ చదవమని. అది పక్కన పెడ్తే నా అసలు కష్టం ఏందంటే బొమ్మలు. పిల్లలు గీసినయి ఎక్కడ పెట్టాలె? అల్మారా ఒక్కటే, అందుల పప్పు నూనె. పోయినేడు పెట్టిన కాయితాలు ఎలుకలు కొట్టినయ్.

నర్సంపేట అక్క:
చీరలకు వస్తయ్ చూడు జిప్ కవర్లు, అవి. ఒక్కో పిల్లకు ఒక కవర్, గోడకు మొలల మీద తీగ కట్టి క్లిప్పులకు ఏలాడెయ్, ఎలుక అందుకోదు. అన్ని దాచకు, నెలకు ఒకటి రెండు చాలు, ఏది ఉంచాలెనో పిల్లనే అడుగు. బొమ్మ వెనక తారీఖు, పిల్ల ఏమన్నదో రాయి, లేకపోతే ఆర్నెల్ల తర్వాత అది ఎద్దా చెట్టా మనకే తెల్వదు. గీతలు గీతలే ఉన్నయ్ అని పారెయ్యకు, పోయిన జూన్‌ల గుండ్రటి గీతలు, దసరా అప్పుడు వాటికి కండ్లు కాళ్ళు, సంక్రాంతికి పేరుల మొదటి అక్షరం లాంటిది ఒకటి తలకిందులుగ, ఈ మూడు పక్క పక్కన పెట్టి చూపిస్తే "రాపిస్తలేరు" అన్న తల్లికి ఇంక నువ్వు చెప్పేదేముండదు.

వర్ధన్నపేట టీచర్:
కవర్లకు మా ఊర్ల బట్టల దుకాణం ఆయనను అడిగిన, పాతయి ఇస్త అన్నడు. రేపు నీళ్ళ కాడ వేరే వేరే మూతుల సీసాలు, ఒక గరాటు పెడ్తున్న. అంగి తడిస్తే వాళ్ళమ్మతోటి లొల్లి అని ఇంకో జత పంపమని ముందే చెప్పిన.

పరకాల టీచర్:
చీర కవర్లయితే మా ఇంట్లనే మస్తున్నయ్, ఇన్నేండ్లు మా ఆయన ఎందుకు దాస్తవవి అని తిడ్తుండె. రేపే తీస్కపోత. టిక్కులు మాత్రం బంద్ చెయ్య.